గిట్ స్టేటస్ నడిపింది రూట్, రాసింది ఇంకొకరు: ఒక బిల్డ్ సర్వర్ కేస్ స్టడీ

టికెట్‌లో సెక్యూరిటీ అన్న మాటే లేదు. "రోజూ పొద్దున్నే నా రిపోలో గిట్ పనిచేయడం లేదు. మీరు పర్మిషన్లు సరిచేశాక సాయంత్రం దాకా బాగానే ఉంటుంది. మర్నాడు మళ్లీ అదే గోల" అని ఒక డెవలపర్ రాశారు. గిట్ అంటే కోడ్‌లో మార్పుల చరిత్ర దాచే టూల్, రిపో అంటే అది చూసుకునే ప్రాజెక్ట్ ఫోల్డర్. కింద ఎర్రర్ అతికించారు: ఇండెక్స్ ఫైల్ తెరవడం కుదరలేదు, పర్మిషన్ డినైడ్. ఇలాంటి టికెట్లు ఆ టీమ్‌కి అంతకుముందే నాలుగైదు వచ్చాయట. వచ్చిన ప్రతిసారీ అడ్మిన్ లాగిన్ అయి, ఆ ఫైల్ ఓనర్‌ని మార్చి, టికెట్ మూసేసేవారు.

నన్ను పిలిచింది వేరే పనికి. బిల్డ్ సర్వర్‌ని కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌కి మార్చబోతున్నారు, ఆ లోపు ఒకసారి సెక్యూరిటీ రివ్యూ చేసిపెట్టమన్నారు. ఇలాంటి పనికి వెళ్తే నేను ముందుగా పాత టికెట్లు చదువుతాను. స్కానర్ పట్టుకోలేని సంగతులు విసుగెత్తిపోయిన మనుషులు రాసిన వాక్యాల్లో దొరుకుతాయి.

మెషీన్ లినక్స్‌ది. నలభై మంది దాకా డెవలపర్లకు ఎస్ఎస్‌హెచ్ లాగిన్ ఉంది. ప్రాజెక్టులన్నీ బిల్డ్స్ అనే ఒక పెద్ద ఫోల్డర్ కింద ఉంటాయి. ఆ పెద్ద ఫోల్డర్ ఓనర్ రూట్ (మెషీన్ మీద అన్ని హక్కులూ ఉన్న యూజర్), గ్రూప్ డెవలపర్లది, పర్మిషన్ 2775. అంటే గ్రూప్‌లో ఉన్న ఎవరైనా అందులో కొత్త ఫోల్డర్ పెట్టుకోవచ్చు. ఎవరి ప్రాజెక్ట్ ఫోల్డర్‌కి వాళ్లే ఓనర్. రూట్ పాస్‌వర్డ్ ఇద్దరు అడ్మిన్ల దగ్గరే ఉంది. రిలీజ్‌లకు సంతకం పెట్టే కీ కూడా ఈ మెషీన్ మీదే ఉంది, రూట్ మాత్రమే చదవగలిగేలా. ఈ ఆఖరి సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఆ డెవలపర్ రిపోలోకి వెళ్లి, గిట్ తన వివరాలు దాచుకునే డాట్ గిట్ ఫోల్డర్ చూశాను. ఇండెక్స్ ఫైల్ ఓనర్ రూట్. పర్మిషన్ 600, అంటే ఓనర్ తప్ప ఇంకెవరూ చదవలేరు. మారిన సమయం తెల్లవారుజామున 2 గంటల 10 నిమిషాలు. మిగతా ఫైళ్లన్నీ ఆ డెవలపర్ పేరు మీదే ఉన్నాయి.

గిట్ లోపలి సంగతి తెలిసినవాళ్లకు ఈ ఒక్క లైను చాలు. ఏ ఫైళ్లు మారాయో చెప్పే గిట్ స్టేటస్ చూడ్డానికి చదివే కమాండ్‌లా ఉంటుంది కానీ రాస్తుంది కూడా. ఫైళ్ల సైజు, మారిన టైమ్ లాంటి వివరాలను ఇండెక్స్ అనే తన లెక్కల ఫైల్‌లో తాజా చేసుకుంటుంది, ఈసారి వేగంగా జవాబివ్వడానికి. తాజా చేయడమంటే ఉన్న ఫైల్‌ని దిద్దడం కాదు. కొత్త ఫైల్ రాసి పాతదాని స్థానంలో పెడుతుంది. కొత్త ఫైల్‌కి ఓనర్ ఎవరంటే కమాండ్ నడిపినవాళ్లే. ఈ సర్వర్‌ని ఎప్పుడో కట్టుదిట్టం చేసినప్పుడు రూట్ యూమాస్క్ (కొత్త ఫైళ్లకు హక్కులు తగ్గించే సెట్టింగ్) 077 పెట్టారు, అందుకే పర్మిషన్ 600 అయింది. డెవలపర్ తన ఇండెక్స్‌ని తనే చదవలేకపోయారు.

ఇది సర్దడానికి ఒక సులువైన దారి ఉంది. స్టేటస్ ముందు నో-ఆప్షనల్-లాక్స్ అనే ఆప్షన్ పెడితే గిట్ ఇండెక్స్‌ని ముట్టుకోదు, టికెట్లు ఆగిపోతాయి. ఆ టీమ్‌లో ఎవరికైనా ఈ ఆప్షన్ ముందే తెలిసి ఉంటే ఈ కేసు బయటికి వచ్చేది కాదేమో. లక్షణం పోయేది, జబ్బు మిగిలేది.

ఎందుకంటే నన్ను ఆపింది ఇండెక్స్ కాదు. రోజూ రాత్రి 2:10కి రూట్ ఒక మామూలు డెవలపర్ ఫోల్డర్‌లోకి వెళ్లి అక్కడ గిట్ నడుపుతోంది. గిట్ నడిచేటప్పుడు ఆ ఫోల్డర్‌లోని డాట్ గిట్ కాన్ఫిగ్ చదువుతుంది. ఆ కాన్ఫిగ్ రాసింది ఆ డెవలపర్.

కాన్ఫిగ్ అంటే ఉత్త సెట్టింగ్‌లు కాదు

చాలామంది గిట్ కాన్ఫిగ్ అనగానే పేరు, ఈమెయిల్, రిమోట్ అడ్రస్ అనుకుంటారు. అందులో ప్రోగ్రామ్‌లను నడిపే సెట్టింగ్‌లు బోలెడు ఉన్నాయి. పేజర్, ఎడిటర్, ఎస్ఎస్‌హెచ్ కమాండ్, బయటి డిఫ్ ప్రోగ్రామ్, ఫిల్టర్లు, హుక్స్ (గిట్ తనంతట తానే నడిపే స్క్రిప్ట్‌లు) ఎక్కడున్నాయో చెప్పే దారి, ఇవన్నీ ఆ కోవలోవే. వీటిలో దాడి చేసేవాళ్లకు బాగా పనికొచ్చేది కోర్ ఎఫ్ఎస్‌మానిటర్. 2018 జనవరిలో వచ్చిన గిట్ 2.16 నుంచి ఉంది. దాని అసలు ఉద్దేశం మంచిదే. లక్షల ఫైళ్లున్న రిపోలో ఏవేం మారాయో గిట్ స్వయంగా వెతుక్కోకుండా ఇంకో ప్రోగ్రామ్‌ని అడిగి తెలుసుకోవడం. ఆ ప్రోగ్రామ్ ఏదో కాన్ఫిగ్‌లో రాస్తే చాలు, స్టేటస్ కొట్టగానే గిట్ దాన్ని షెల్ ద్వారా నడుపుతుంది. ఆ ప్రోగ్రామ్ ఎర్రర్‌తో ఆగిపోయినా గిట్ కిక్కురుమనదు. మొత్తం ఫైళ్లన్నీ తనే వెతుక్కుని సరైన ఫలితం చూపిస్తుంది. స్టేటస్ కొట్టినవాళ్లకు ఏ తేడా కనపడదు.

మరి గిట్ రాసినవాళ్లు ఇంత తలుపు ఎందుకు తెరిచి పెట్టారు అంటే, వాళ్ల లెక్క వేరు. రిపోని క్లోన్ చేసినప్పుడు, అంటే కాపీ తెచ్చుకున్నప్పుడు, అవతలివాళ్ల కాన్ఫిగ్ గానీ హుక్స్ గానీ మీ దగ్గరికి రావు. మీ డాట్ గిట్ ఫోల్డర్‌లో ఏముందో అది మీరు రాసుకున్నదే. మీ కాన్ఫిగ్ మీ హక్కులతో మీ కమాండ్‌ని నడిపితే తప్పేముంది? ఒక మనిషి, ఒక కంప్యూటర్ ఉన్నంతకాలం ఈ లెక్క సరిపోతుంది. ఒకే డిస్క్ మీద నలభై మంది కూర్చున్నప్పుడు తప్పుతుంది. నేను మీ ఫోల్డర్‌లో గిట్ కొడితే, మీరు రాసిన కమాండ్ నా హక్కులతో నడుస్తుంది. ఆ "నేను" రూట్ అయితే మిగతాది వివరంగా చెప్పక్కర్లేదు.

ఇదేమీ నేను కనిపెట్టింది కాదు. 2022 ఏప్రిల్ 12న సీవీఈ-2022-24765 (సెక్యూరిటీ లోపాలకు ఇచ్చే నంబర్) పేరుతో గిట్ ప్రాజెక్టే దీన్ని ప్రకటించింది. అప్పుడు ముందుగా కంగారు పుట్టింది విండోస్ వైపు. గిట్ తానున్న ఫోల్డర్‌లో డాట్ గిట్ కనపడకపోతే పై ఫోల్డర్‌లో వెతుకుతుంది, అక్కడా లేకపోతే ఇంకా పైకి, డ్రైవ్ మొదలు దాకా వెళ్తుంది. పంచుకునే విండోస్ మెషీన్‌లో సీ డ్రైవ్ మొదట్లో ఎవరైనా ఒక డాట్ గిట్ ఫోల్డర్ పెడితే చాలు. రిపో బయట ఎక్కడో ఉన్న పక్క యూజర్ ప్రాంప్ట్ (కమాండ్ కొట్టే చోట కనిపించే లైను), తన బ్రాంచ్ పేరు చూపించే ప్రయత్నంలో, ఆ కాన్ఫిగ్‌ని చదివేస్తుంది. మనిషి కమాండ్ కొట్టనవసరం కూడా లేదు, ప్రాంప్టే కొట్టేస్తుంది.

దీనికి గిట్ 2.35.2లో వచ్చిన పరిష్కారం సూటిగా ఉంది. ఫోల్డర్ ఓనర్ ఎవరు, గిట్ నడుపుతున్నది ఎవరు అని చూస్తుంది. ఇద్దరూ ఒకరు కాకపోతే కాన్ఫిగ్ జోలికి వెళ్లకుండా ఆగిపోతుంది. ఫలానా ఫోల్డర్ ఫర్వాలేదు అనుకుంటే సేఫ్ డైరెక్టరీ అనే సెట్టింగ్‌లో ఆ పేరు రాసుకోవాలి. ఆ సెట్టింగ్‌ని రిపోలో ఉన్న కాన్ఫిగ్ నుంచి మాత్రం చదవదు. చదివితే దొంగ చేతికి తాళాలు ఇచ్చినట్టే కదా.

ప్యాచ్ ఉంది, కానీ లేదు

ఈ సర్వర్ మీద గిట్ వెర్షన్ అడిగితే 2.25.1 అని చూపించింది. అడ్మిన్ ముఖంలో వెంటనే టెన్షన్. 2.35.2లో సరిచేశారంటే మనది ఎంత పాతదో అని. ఇక్కడ తొందరపడి తప్పు రిపోర్టులు రాసినవాళ్లను నేను చూశాను. లినక్స్ డిస్ట్రిబ్యూషన్లు సెక్యూరిటీ ప్యాచ్‌లను పాత వెర్షన్‌లోకే తెచ్చి అతికిస్తాయి, పై నంబర్ అలాగే ఉంటుంది. ప్యాకేజీ మార్పుల చరిత్ర తెరిచి చూస్తే ఆ సీవీఈ నంబర్ అందులో ఉంది. ప్యాచ్ ఎప్పుడో వచ్చేసింది. స్కానర్ కూడా ఈ మెషీన్‌కి పచ్చ గుర్తే ఇచ్చింది, న్యాయంగానే ఇచ్చింది.

మరి ప్యాచ్ ఉంటే రూట్ ఆ ఫోల్డర్‌లోకి ఎలా వెళ్లగలుగుతోంది? సిస్టమ్ మొత్తానికి వర్తించే గిట్ కాన్ఫిగ్ ఫైల్ తెరిచాను. రెండే లైన్లు ఉన్నాయి. సేఫ్ డైరెక్టరీ, దాని ఎదురుగా ఒక స్టార్ గుర్తు. అన్ని ఫోల్డర్లూ, అందరివీ, సేఫ్.

ఆ ఫైల్‌ని పెట్టింది ఆన్సిబుల్, సర్వర్ సెట్టింగ్‌లను ఆటోమేటిక్‌గా పెట్టే టూల్. ఆన్సిబుల్ ఫైళ్లన్నీ గిట్‌లోనే ఉన్నాయి కాబట్టి ఎవరు ఎప్పుడు పెట్టారో గిట్ బ్లేమ్ చెప్పింది. 2022 ఏప్రిల్ చివరి వారం. కమిట్ మెసేజ్ "బిల్డ్ ఫిక్స్". రాసిన మనిషి ఇప్పుడు అక్కడ లేరు, ఉన్నా నేను ఆయన్ని తప్పుపట్టను. ఆ రెండు వారాలు ఎలా ఉండేవో నాకూ గుర్తే. రాత్రికి రాత్రి అప్‌డేట్ వచ్చింది, తెల్లారేసరికి కంటైనర్లలో (మెషీన్ లోపల విడిగా నడిచే చిన్న వాతావరణాల్లో) నడిచే బిల్డ్‌లు వరసగా పడిపోయాయి, ఎందుకంటే కంటైనర్‌లో నడిచేది ఒక యూజర్, బయటి నుంచి మౌంట్ అయిన ఫోల్డర్ ఇంకో యూజర్‌ది. ఎర్రర్ మెసేజే సేఫ్ డైరెక్టరీ కమాండ్‌ని రాసి చేతికిచ్చేది. ఒక్కో ఫోల్డర్ పేరు చేర్చుకుంటూ పోలేక జనం గోల చేస్తే రెండు రోజుల్లోనే 2.35.3 వచ్చింది, అందులో స్టార్ గుర్తుకు అనుమతి ఇచ్చారు. ఎవరో ఆ స్టార్‌ని కంటైనర్ లోపల పెట్టే బదులు సర్వర్ మొత్తానికి పెట్టారు. బిల్డ్ పచ్చగా మారింది. అక్కడితో ఆ విషయం అందరూ మర్చిపోయారు.

నిరూపణ

ఊహ మీద రిపోర్ట్ రాస్తే ఎవరూ కదలరు. సర్వర్‌కి బాధ్యులైన మేనేజర్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, ఏ ప్రత్యేక హక్కులూ లేని ఒక టెస్ట్ లాగిన్ అడిగాను. బిల్డ్స్ ఫోల్డర్ కింద ఖాళీ రిపో ఒకటి పెట్టి, ఒక ఫైల్ కమిట్ చేసి, ఎఫ్ఎస్‌మానిటర్ సెట్టింగ్‌లో ఒక చిన్న స్క్రిప్ట్ పేరు రాశాను. ఆ స్క్రిప్ట్ చేసేది ఒక్కటే. తను ఎవరి పేరు మీద నడుస్తోందో, ఏ టైమ్‌కి నడిచిందో పక్కనున్న టెక్స్ట్ ఫైల్‌లో రాసి ఊరుకుంటుంది. అంతకు మించి ఒక్క అక్షరం ఎక్కువ పెట్టలేదు. నిజమైన సర్వర్ మీద నిరూపణ చేసేటప్పుడు చప్పుడు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది.

మర్నాడు పొద్దున ఫైల్ తెరిస్తే ఒక లైను. సమయం 2:10. యూఐడీ సున్నా, అంటే రూట్.

మీటింగ్‌లో సీనియర్ అడ్మిన్ ముందు నమ్మలేదు. "వాళ్ల ఫోల్డర్‌లో వాళ్లు ఏదో రాసుకుంటే రూట్‌కి ఏం సంబంధం అండీ? మన స్క్రిప్ట్ స్టేటస్ చూసి రిపోర్ట్‌లో రాస్తుంది, అంతే కదా" అన్నారు. ఆ స్క్రిప్ట్ ఆయన రాసిందే. ప్రతి రాత్రి ప్రాజెక్టులన్నీ తిరిగి, ఏ బ్రాంచ్ మీద ఉన్నారు, ఆఖరి ట్యాగ్ ఏది, కమిట్ చేయని మార్పులు ఉన్నాయా అని ఒక పట్టిక తయారుచేసి మెయిల్ చేస్తుంది. నేను వాదించలేదు. నా టెస్ట్ ఫైల్ చూపించి, "సార్, ఈ స్క్రిప్ట్ బదులు రిలీజ్ కీని నా ఫోల్డర్‌లోకి కాపీ చేసే లైను ఉండి ఉంటే?" అని అడిగాను. ఆయన ఫోన్ తీసి క్రాన్ (ఆ స్క్రిప్ట్‌ని రోజూ రాత్రి నడిపే టైమర్) ఆపమని చెప్పారు. ఆ తర్వాత అంతా ఆయనే ముందుండి నడిపించారు.

బిల్డ్ సర్వర్‌లో రూట్ దొరకడం మామూలు సర్వర్‌లో దొరకడం లాంటిది కాదు. 2020 డిసెంబర్‌లో బయటపడ్డ సోలార్‌విండ్స్ దాడిలో దుండగులు సోర్స్ కోడ్ రిపోని తాకకుండా, బిల్డ్ జరుగుతున్న సమయంలో తమ కోడ్‌ని దూర్చారు. సంతకం సరైనదే, సర్టిఫికెట్ సరైనదే, లోపలి సరుకే వేరు. ఇక్కడ నలభై మందిలో ఏ ఒక్కరి ల్యాప్‌టాప్ పోయినా, ఏ ఒక్కరి ఎస్ఎస్‌హెచ్ కీ లీకైనా అంత దూరం వెళ్లడానికి ఒక్క రాత్రి సరిపోయేది.

తప్పుడు మందులు

స్టార్ తీసేయగానే క్రాన్ స్క్రిప్ట్ ఓనర్‌షిప్ అనుమానంగా ఉందంటూ ప్రతి ప్రాజెక్ట్ దగ్గరా ఆగిపోయింది. అది మంచి వార్త, రక్షణ పనిచేస్తోందని అర్థం. కానీ వెంటనే వచ్చిన సలహా ఏమిటంటే, స్టార్ బదులు ప్రాజెక్టుల పేర్లు ఒక్కొక్కటీ రాద్దాం అని. వినడానికి బాధ్యతగా ఉంటుంది. ఫలితం మాత్రం అదే. నిజానికి ఆ సెట్టింగ్ పేరే మనుషుల్ని తప్పుదారి పట్టిస్తుందని నా అభిప్రాయం. ఫలానా ఫోల్డర్ సేఫ్ అని అది చెప్పదు. "ఈ ఫోల్డర్‌లో రాయగలిగినవాళ్లు ఎవరైనా సరే నా పేరుతో ఏ ప్రోగ్రామ్ అయినా నడపవచ్చు" అని చెబుతుంది. రూట్ కాన్ఫిగ్‌లో నలభై ఫోల్డర్ల పేర్లు రాయడమంటే నలభై మందికి రూట్ ఇవ్వడమే, కాకపోతే జాబితా రాసి మరీ ఇవ్వడం.

రెండో సలహా, స్క్రిప్ట్‌లో కమాండ్ లైన్ నుంచే ఎఫ్ఎస్‌మానిటర్‌ని ఆపేద్దాం అని. అది ఒక్క తలుపు మూస్తుంది. కాన్ఫిగ్‌లో తలుపులు ఎన్నున్నాయో పైన చెప్పాను. రేపు గిట్ కొత్త వెర్షన్‌లో ఇంకొకటి రావచ్చు.

మూడోది మాత్రం ఆలోచింపజేసింది. రూట్ బదులు రిపోర్టర్ అనే మామూలు యూజర్‌తో నడుపుదాం అన్నారు. మెరుగే. కానీ రిపోర్టర్ అందరి ఫోల్డర్లలోకి వెళ్లి గిట్ కొడితే ఎవరో ఒకరు రిపోర్టర్ అయిపోతారు. రిపోర్టర్‌కి మిగతా ప్రాజెక్టులు చదివే హక్కు ఉంది, అంటే పక్కవాళ్ల కోడ్ దొరుకుతుంది. రూట్ అంత ప్రమాదం కాకపోయినా రంధ్రం రంధ్రమే.

చివరికి చేసింది ఏమిటంటే, అవతలివాళ్ల ఫోల్డర్‌లో గిట్ నడపడమే మానేశాం. రిపోర్టర్ యూజర్ తన సొంత ఫోల్డర్‌లో ప్రతి ప్రాజెక్ట్‌కీ ఒక మిర్రర్ క్లోన్ పెట్టుకుంటుంది, రోజూ రాత్రి సెంట్రల్ గిట్ సర్వర్ నుంచి తాజా చేసుకుంటుంది. క్లోన్‌లో కాన్ఫిగ్ రాదు, హుక్స్ రావు. గిట్ మొదటి నుంచీ పెట్టుకున్న హద్దుని మనమూ పాటించినట్టయింది. బ్రాంచ్‌లు, ట్యాగ్‌లు అన్నీ అక్కడే దొరుకుతాయి. ఒక్కటే పోయింది, కమిట్ చేయని మార్పులు ఉన్నాయా అనే కాలమ్. దాన్ని ఎవరు చూస్తున్నారో కనుక్కుందామని మెయిల్ పెట్టాం. ఎవరూ జవాబివ్వలేదు. ఇన్నేళ్లూ రోజూ రూట్‌తో స్టేటస్ కొట్టించింది ఆ కాలమ్ కోసమే.

సుడో వెనక దాక్కున్నది

క్రాన్ దగ్గర ఆగిపోయి ఉంటే రివ్యూ సగమే అయ్యేది. రూట్ ఇంకెక్కడ గిట్ నడుపుతోందని వెతికాను. మూడు చోట్ల దొరికింది.

మొదటిది అడ్మిన్ల రూట్ షెల్ ప్రాంప్ట్. బ్రాంచ్ పేరు పక్కన, మార్పులుంటే ఒక గుర్తు చూపించేలా పెట్టుకున్నారు. ఆ గుర్తు కోసం ప్రాంప్ట్ లోపల గిట్ డిఫ్ నడుస్తుంది. అంటే అడ్మిన్ రూట్‌గా ఒక డెవలపర్ ఫోల్డర్‌లోకి సీడీ కొడితే చాలు. ఓనర్‌ని మార్చే ఆ టికెట్లు గుర్తున్నాయా? ప్రతి టికెట్‌కీ అడ్మిన్ వచ్చి చేసింది సరిగ్గా అదే. రూట్ ప్రాంప్ట్‌లో గిట్ తీసేశాం, రూట్‌కి రంగుల ప్రాంప్ట్ అవసరం లేదు.

రెండోది డిప్లాయ్ స్క్రిప్ట్. టెస్టర్లకు పూర్తి సుడో (రూట్ హక్కులతో కమాండ్ నడిపే సదుపాయం) లేదు, ఈ ఒక్క స్క్రిప్ట్‌ని మాత్రం రూట్‌గా నడిపే అనుమతి ఉంది. సుడోయర్స్ ఫైల్‌లో చూస్తే చక్కగా, పొదుపుగా ఇచ్చిన హక్కు. స్క్రిప్ట్ తెరిస్తే మధ్యలో ఒక లైను. ఉన్న ఫోల్డర్‌లో గిట్ డిస్క్రైబ్‌ని డర్టీ ఆప్షన్‌తో నడిపి వెర్షన్ పేరు తయారుచేస్తోంది. స్క్రిప్ట్ ఏ ఫోల్డర్ నుంచి నడపాలో టెస్టర్ ఇష్టం. కాబట్టి టెస్టర్ తన రిపోలో నిలబడి నడిపితే పూర్తి రూట్ దొరుకుతుంది.

దీన్ని కాస్త విడమరిచి చెప్పాలి, ఎందుకంటే స్టార్ తీసేస్తే ఇది కూడా పోతుందని అక్కడ అందరూ అనుకున్నారు. పోదు. 2022 ఏప్రిల్ మార్పు వల్ల సుడో మేక్ ఇన్‌స్టాల్ లాంటి మామూలు పనులు ఆగిపోయాయి. మీ రిపోలో మీరే సుడో కొట్టినా గిట్‌కి కనపడేది రూట్ కదా. అందుకని 2.37 నుంచి గిట్ ఒక సడలింపు ఇచ్చింది. రూట్‌గా నడుస్తున్నప్పుడు సుడో వదిలి వెళ్లే సుడో యూఐడీ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చూస్తుంది, సుడో కొట్టిన మనిషి రిపో అయితే ఒప్పుకుంటుంది. పూర్తి సుడో ఉన్నవాళ్ల విషయంలో ఇందులో నష్టం లేదు, వాళ్లు ఎలాగూ రూటే. ఒక్క స్క్రిప్ట్‌కే అనుమతి ఉన్నవాళ్ల విషయంలో మాత్రం ఆ చిన్న హక్కు పూర్తి హక్కుగా మారిపోతుంది. ఇది గిట్ డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది, ఇష్టం లేకపోతే ఆ వేరియబుల్ తీసేయమని కూడా చెప్పారు. ఈ సర్వర్ కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌కి మారబోతోంది, అక్కడ గిట్ 2.37 కంటే కొత్తది. స్టార్ లేకుండా మారినా ఈ రంధ్రం తెరిచే ఉండేది.

వేరియబుల్ తీసేయడం కంటే గిట్‌నే తీసేయడం నాకు నచ్చింది. వెర్షన్ పేరుని బిల్డ్ సమయంలోనే, డెవలపర్ హక్కులతోనే, ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాయించాం. డిప్లాయ్ స్క్రిప్ట్ ఆ ఫైల్ చదివి, అక్షరాలు, అంకెలు, చుక్కలు, గీతలు తప్ప ఇంకేమైనా ఉంటే ఆగిపోతుంది.

మూడోది బ్యాకప్ స్క్రిప్ట్. గిట్ ప్రాజెక్ట్ కాని ఫోల్డర్లలో కూడా గిట్ కొట్టి, ఎర్రర్ వస్తే వదిలేసేలా రాశారు. డాట్ గిట్ లేకపోతే గిట్ పైకి వెతుక్కుంటూ వెళ్తుందని చెప్పాను కదా. పైన ఉన్నది బిల్డ్స్ ఫోల్డర్. దాని ఓనర్ రూట్, రాయగలిగేది అందరూ. అక్కడ ఎవరైనా ఒక డాట్ గిట్ పెడితే? మొదటి ప్యాచ్ పై ఫోల్డర్ ఓనర్‌నే చూసేది, రూట్ కదా అని ఒప్పుకునేది. సరిగ్గా ఈ లోపాన్నే 2022 జూలైలో సీవీఈ-2022-29187గా ప్రకటించి, గిట్ 2.37.1లో డాట్ గిట్ ఫోల్డర్ ఓనర్‌ని కూడా చూసేలా మార్చారు. మన సర్వర్‌లో ఆ ప్యాచ్ కూడా ఉంది, స్టార్ వల్ల అదీ పనిచేయడం లేదు. స్టార్ తీయడంతో సరిపోయింది, అయినా బిల్డ్స్ ఫోల్డర్‌లో గ్రూప్ రాసే హక్కు తీసేశాం. కొత్త ప్రాజెక్ట్ కావాలంటే అడగాలి.

ఎవరైనా వాడుకున్నారా

మేనేజర్ అడిగిన మొదటి ప్రశ్న ఇదే. నిజాయితీగా చెప్పాలంటే ఈ ప్రశ్నకు లేదు అని జవాబివ్వడం దాదాపు అసాధ్యం. ఆడిట్ లాగ్‌లు పెట్టలేదు. రూట్ దొరికినవాళ్లు ఆనవాళ్లు చెరిపేయగలరు. అయినా వెతికాం. డిస్క్ మీదున్న అన్ని డాట్ గిట్ కాన్ఫిగ్‌లలో ప్రోగ్రామ్ నడిపే సెట్టింగ్‌లు, కొత్త సెట్‌యూఐడీ ఫైళ్లు (ఎవరు నడిపినా ఓనర్ హక్కులతో నడిచేవి), రూట్ ఎస్ఎస్‌హెచ్ కీల జాబితా, ప్యాకేజీ ఫైళ్ల చెక్‌సమ్‌లు అన్నీ చూశాం.

ఒక కాన్ఫిగ్‌లో ఎఫ్ఎస్‌మానిటర్ దొరికింది. గదిలో ఒక్కసారిగా నిశ్శబ్దం. తెరిచి చూస్తే అది వాచ్‌మన్, పెద్ద రిపోలకు వాడే మామూలు టూల్. ఆ డెవలపర్ తన స్టేటస్ నెమ్మదిగా ఉందని పెట్టుకున్నారు. ఏ దురుద్దేశమూ లేదు. కానీ ప్రాసెస్‌ల జాబితా చూస్తే రూట్ పేరు మీద ఒక వాచ్‌మన్ నెలల తరబడి నడుస్తోంది. ఎవరూ రూట్‌గా దాన్ని మొదలుపెట్టలేదు. క్రాన్ స్టేటస్ కొట్టింది, గిట్ ఆ డెవలపర్ హుక్‌ని రూట్‌గా నడిపింది, హుక్ వాచ్‌మన్‌ని లేపింది. ఇద్దరు అడ్మిన్లూ ఆ ప్రాసెస్‌ని చూశారు. సిస్టమ్‌దేమో అనుకున్నారు. నా టెస్ట్ స్క్రిప్ట్ కంటే ఈ వాచ్‌మనే మేనేజర్‌కి విషయం బాగా అర్థమయ్యేలా చేసింది. దాడి చేసేవాళ్లు లేకుండానే దాడి జరుగుతోంది మరి.

దుర్వినియోగం జరిగిందనడానికి ఆధారం దొరకలేదు, జరగలేదనడానికీ దొరకలేదు. అందుకే జరిగినట్టే లెక్కేసుకోమని సలహా ఇచ్చాను. మెషీన్‌ని సరిచేయకుండా, ఎలాగూ మార్చాల్సిందే కాబట్టి, మొదటి నుంచి కట్టాం. రిలీజ్ కీ, డిప్లాయ్ టోకెన్లు, రూట్ చదవగలిగే ప్రతి పాస్‌వర్డ్ మార్చాం. కొత్త రిలీజ్ కీని బిల్డ్ సర్వర్ మీద పెట్టలేదు. సంతకం పెట్టే పని వేరే మెషీన్‌ది, దానికి డెవలపర్ల లాగిన్లు లేవు. ఈ ఒక్క మార్పుకి పట్టిన సమయం మిగతావన్నీ కలిపిన దానికంటే ఎక్కువ. పాత కీతో సంతకం పెట్టిన రిలీజ్‌లను కొత్త మెషీన్ మీద మళ్లీ బిల్డ్ చేసి పోల్చాలి. టైమ్‌స్టాంప్‌ల వల్ల రెండు బిల్డ్‌లు ఒకేలా రాకపోవడంతో ఆ పోలిక వారాల తరబడి సాగింది.

ఆన్సిబుల్ రిపోలో ఒక చెక్ పెట్టాం, సేఫ్ డైరెక్టరీ ఎదురుగా స్టార్ కనపడితే మెర్జ్ ఆగిపోతుంది. అది పెట్టిన రోజే నాలుగు చోట్ల మోగింది. మూడు కంటైనర్ ఇమేజ్‌లలోవి. వాటిని వదిలేయమన్నాను. ఆ కంటైనర్‌లో ఉండేది ఒక్క రిపో, బిల్డ్ అవగానే కంటైనర్ పోతుంది, లోపల దోచుకోవడానికి ఇంకొకరి సొత్తు లేదు. అక్కడ స్టార్ పెట్టడం తప్పని నేను అనుకోను. నాలుగోది కూడా కంటైనరే, కానీ అందులో డాకర్ సాకెట్ (కంటైనర్లను నడిపే డాకర్‌కి ఆదేశాలిచ్చే దారి) మౌంట్ అయి ఉంది. సాకెట్ చేతిలో ఉంటే బయటి మెషీన్‌కి రూట్ ఉన్నట్టే, గిట్ దాకా వెళ్లనక్కర్లేదు. దాన్ని ఇంకో టికెట్‌గా రాసి, తీవ్రత ఈ కేసుతో సమానంగా పెట్టాను. నేను రిపోర్ట్ ఇచ్చే రోజుకి అది ఇంకా తెరిచే ఉంది.